జుమాదిల్ ఎడమచెవి

కిర్గిజ్ కొండల్లోని మా ఎచ్కిలూ గ్రామానికి చరిత్ర రాయాలని ఎవరైనా పూనుకుంటే (ఇంతవరకూ ఎవరూ పూనుకోలేదు, ఇకముందు పూనుకుంటారన్న భయమూ లేదు) దాన్ని రెండు యుగాలుగా విభజించక తప్పదు. మొదటిది, జుమాదిల్ తన బొచ్చుటోపీ చెవిరెక్కలు రెండూ దించుకుని తిరిగిన యుగం. రెండోది, కుడిరెక్క దించి, ఎడమరెక్క మాత్రం పైకి మడిచి కట్టుకుని తిరిగిన యుగం. మొదటి యుగం ముగిసి రెండోది ఎప్పుడు మొదలైందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. గొర్రెల డాక్టరు పదేళ్ళయిందంటాడు. అంగడి నడిపే సాగిన్ పన్నెండేళ్ళంటుంది, ఎందుకంటే తన కోడలు కవలల్ని కన్నది ఆ చలికాలంలోనేనట. సోవియట్ యూనియన్ ఎప్పుడు కూలిందని అడిగితే మాత్రం ఇద్దరూ తడుముకుంటారు.

సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి దిగిన చలిలో ఒక చెవి బయటపెట్టుకుని తిరిగేవాణ్ణి చూస్తే ఎవరైనా అడుగుతారు.

"ఎందుకు బైకే, ఆ ఒక్క చెవీ ఏం పాపం చేసిందని?"

మాకంటే పెద్దవాణ్ణి మేం బైకే అంటాం. జుమాదిల్‌కి అరవై నిండాయి కాబట్టి దాదాపు ఊరంతటికీ ఆయన బైకేనే.

"కొండ మాట వినద్దూ?" అనేవాడాయన. "నీ మాటలకి కావలసినంత చెవి లోపలే ఉంది."

ఈ జవాబుకి ఊరు నవ్వేది. ఆయన భార్య బాత్మా మాత్రం నవ్వేది కాదు. అందులో నిజం ఎంతో ఆమెకి తెలుసు.

కుర్రతనంలో జుమాదిల్ బొగ్గుగనిలో తూటాలు పేల్చేవాడు. తూటా పేలేటప్పుడు రాతిగోడ ఎప్పుడూ కుడివైపే ఉండేది. పదకొండేళ్ళ పాటు ఆ కుడిచెవి దేశ ఇంధన ప్రణాళికకి తన వంతు సేవ చేసింది. దేశం పోయింది, గనీ పోయింది. చెవి కూడా వాటి వెనకే మెల్లగా బయల్దేరింది. గని మూసేశాక ఊరు మొదట వోడ్కా తాగింది, తరవాత గొర్రెల్ని అమ్మింది, ఆ తరవాత ఏం చెయ్యాలో తెలియక కూర్చుంది.

అలా కూర్చుని ఉన్న రోజుల్లో ఒక మార్చి నెలలో నలుగురు ఫ్రెంచివాళ్ళు దిగారు. మంచు ఎక్కడుందని అడిగారు. కిటికీలోంచి చూపించాం. అది కాదట, ఎవరూ తొక్కని మంచు కావాలట. మా మంచంతా ఎవరూ తొక్కనిదే, తొక్కాల్సిన పని మాకేముందని? వాళ్ళు స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటించుకుని నాలుగు గంటలు కొండెక్కారు. పైన ఆ పట్టీలు పీకేసి పావుగంటలో కిందికి జారారు. మళ్ళీ పట్టీలు అంటించుకున్నారు. సామాన్లు మోసే గుర్రం జుమాదిల్‌ది. మూడో రోజు ఆయన గుర్రాన్ని కట్టేసి, వాళ్ళు ఏ వాలు మీద జారచ్చో ఏ వాలు మీద జారకూడదో చెయ్యి ఊపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. గొర్రెలు కాసినవాడికి కొండ ఎక్కడెక్కడ కూలుతుందో తెలుసు. వెళ్ళేటప్పుడు వాళ్ళు ఒక జత స్కీలు ఆయనకిచ్చి వెళ్ళారు.

అప్పటికి నలభై దాటినవాడు. తరవాతి చలికాలమంతా గొడ్లసావడి వెనక దిబ్బ మీంచి జారాడు. ఒక్కసారి కూడా నిలబడి దిగింది లేదు. మూడో చలికాలానికి మాత్రం విదేశీయుల జట్లను వెనకేసుకుని ముందు నడుస్తున్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆయన తీసుకెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా కొండ మీద మిగిలిపోలేదు. మా లోయలో ఇంకెవరూ ఈ మాట చెప్పుకోలేరు.

ఆ పేరంతా చెవిదే. మా కొండల్లో కొత్త మంచు కింద పాత మంచు ఇసుకలా పొడిపొడిగా ఉంటుంది. పైన మనిషి బరువు పడితే ఆ పొర ఒక్కసారి కుంగుతుంది. కుంగినప్పుడు కాళ్ళ కింద ‘వుఫ్‌ఫ్’ మని ఒక శబ్దం వస్తుంది. కొండ నిట్టూర్చింది అంటాం మేము. కొండ నిట్టూరిస్తే ఎంత దూరం ఎక్కినా, శిఖరం చేతికందేలా ఉన్నా వెనక్కి తిరగడమే. దీని మీద చర్చ ఉండదు. అందరికన్నా ముందు ఆ నిట్టూర్పు వినేవాడు జుమాదిల్. చెయ్యి పైకెత్తేవాడు. వెనక అందరూ ఆగేవాళ్ళు. ఒకసారి ఆయన చెయ్యెత్తి వెనక్కి తిప్పిన అరగంటకి, వాళ్ళు ఎక్కాల్సిన వాలు మొత్తం లోయలోకి దిగింది. ఆ జట్టులో ఉన్న జర్మనావిడ ఇప్పటికీ ఏటా ఆయనకి ఉన్నిమేజోళ్ళు పంపుతుంది.

కొన్నేళ్ళుగా ఆయన వెనక, జట్టుకి చిట్టచివర, తిలెక్ నడుస్తున్నాడు. జుమాదిల్ చెల్లెలి కొడుకు. ముప్పయ్యొక్కేళ్ళవాడు. రెండేళ్ళ పాటు విదేశీ గురువుల దగ్గర చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మంచులో గొయ్యి తవ్వి, పొరలు లెక్కపెట్టి, వాటికి భూతద్దం పెట్టి చూస్తాడు. కాగితం ప్రకారం జట్టుకి పెద్ద గైడు తిలెక్. మిగతా అన్నిటి ప్రకారం జుమాదిల్.

మేనమామకీ మేనల్లుడికీ మా దగ్గర ఒక ప్రత్యేకమైన చట్టం ఉంది. మేనమామ ఇంట్లో కంటికి నచ్చినదాన్ని మేనల్లుడు అడక్కుండా పట్టుకుపోవచ్చు. మేనమామ కాదనకూడదు. కాదనకపోవడమే కాదు, నవ్వాలి, దీవించాలి కూడా. తిలెక్ ఈ హక్కును బాగానే వాడుకున్నాడు. చిన్నప్పుడు ఒక గుర్రప్పిల్ల, పెళ్ళినాడు ఒక జీను, ఒకసారి గోడగడియారం. గడియారం తీసుకెళ్ళినప్పుడు జుమాదిల్ మరీ గట్టిగా నవ్వాడు. అది అప్పటికే తొమ్మిదేళ్ళుగా నడవడం లేదు.

అయితే ఆ చట్టంలో రెండో సగం ఒకటుంది. మేనల్లుడు మేనమామ సొత్తంతా ఎత్తుకుపోవచ్చుగానీ, నలుగురి ముందు ఆయన్ని ‘ఆగు, నువ్వు తప్పు చేస్తున్నావు’ అనకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే సవరించుకునే వీలుండేది.

ఈ ఫిబ్రవరిలో ఆ రెండో సగం కొండ మీద పరీక్షకి వచ్చింది.

మూడు రోజులు మంచు కురిసింది. నాలుగో రోజు ఎండ కాసింది. అలాంటి రోజున అతిథులకి పిచ్చెక్కుతుంది. ఐదుగురు చెక్ దేశంవాళ్ళు, వాళ్ళలో బోహుమిల్ అని ఒక పళ్ళ డాక్టరు. మేం ‘ఐదు దేవదారులు’ అని పిలిచే వాలు ఎక్కుతున్నారు. ముందు జుమాదిల్, మధ్యలో అతిథులు, చివర తిలెక్. ఆ రోజుకి జుమాదిల్ ఎడమచెవి కూడా ఏడాదిగా సగం సెలవులో ఉందన్న సంగతి ఇద్దరికే తెలుసు. బాత్మాకి తెలుసు. జుమాదిల్‌కి తెలుసు. తిలెక్‌కి అనుమానం మాత్రం ఉంది.

సగం వాలు ఎక్కాక కొండ నిట్టూర్చింది.

తిలెక్ విన్నాడు. అతిథులూ విన్నారు. ఐదుగురూ టక్కున ఆగి ముందుకి చూశారు. జుమాదిల్ నడుస్తూనే ఉన్నాడు, ఆ అడుగులో తడబాటన్నది లేదు. కొండని పుస్తకంలా చదివే మనిషని ఊళ్ళో అందరూ చెప్పగా విన్నవాళ్ళు. ఆయనే వెళ్తున్నాడంటే పరవాలేదన్నమాట అనుకుని వాళ్ళూ కదిలారు.

రెండోసారి నిట్టూర్చింది.

తిలెక్ రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆగమని అరవచ్చు. అతని సర్టిఫికెట్లో రెండో పేజీలో అలా అరవమనే ఉంది. ముందున్నది మేనమామ. మధ్యలో అయిదుగురు అతిథులు. వాళ్ళలో ప్రతి ఒక్కరి దగ్గరా రేడియో ఉంది, తను అనేది ప్రతి ఒక్కరికీ వినబడుతుంది. మా లోయలో మర్యాదగా పెరిగిన ఏ మనిషి నోటికైనా ఆ క్షణంలో వచ్చే మాటే అతనికీ వచ్చింది.

"తాయకే, టీ తాగుదామా?" అన్నాడు.

తాయకే అంటే మేనమామ. టీ తాగుదామా అంటే, ఒక్క నిమిషం ఆగు, నీతో మాట్లాడాలి అని. చెవులున్న ఏ కిర్గిజ్ మనిషికైనా అది అర్థమవుతుంది. రేడియో జుమాదిల్ కుడిభుజానికి వేలాడుతోంది.

జుమాదిల్ అడుగు ఆగలేదు. కొండ మూడోసారి నిట్టూర్చింది. తిలెక్ ఇంకోసారి అడిగాడు. ఈసారి కాస్త గట్టిగా, "తాయకే, ఫ్లాస్కులో టీ చల్లారిపోతోంది" అన్నాడు. బోహుమిల్ వెనక్కి తిరిగి, తనకి చక్కెర వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

జుమాదిల్ అప్పటికి వాలు దాటి గట్టి రాళ్ళున్న అంచు చేరుకున్నాడు. ఎదురుకొండ మీద కొండమేకల గుంపు కనిపించింది. వాటి మీద ఆయనకి ఒక ఉపన్యాసం ఉంది, నలభై ఇంగ్లీషు మాటలతో కూర్చినది, ఏటా ఇచ్చేది. అతిథులకి వీపు పెట్టి, కర్రతో చూపిస్తూ అది మొదలుపెట్టాడు. ముసలి పోతుకి కొమ్ములెంత పొడుగో చెప్పాడు. ఆడమేకలు ఎక్కడ ఈనుతాయో చెప్పాడు. "అర్థమైందా?" అని నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

వెనక వాలు లేదు.

ఆ వాలుని ఆయన ఎక్కినప్పుడు తెల్లగా ఉంది. ఇప్పుడు అక్కడ గడ్డి కనిపిస్తోంది, నల్లరాళ్ళు కనిపిస్తున్నాయి. ఇద్దరు అతిథులు అంచున చతికిలబడి ఉన్నారు, ఇద్దరు కిందికి పాకుతున్నారు. మంచు పగిలిన గీతకి అవతలే మిగిలిపోయిన తిలెక్, గడ్డలు గడ్డలుగా పోగుపడ్డ మంచు మీద పరుగెడుతున్నాడు. బోహుమిల్ కనిపించడం లేదు. అంత మంచు కదిలి, విరిగి, వంద గజాలు దిగి, ఆగిపోయింది. కరకోల్ పట్నం దాకా వినిపించి ఉంటుందని తరవాత అతిథులన్నారు. జుమాదిల్‌కి వినబడలేదు.

మంచులో కూరుకుపోయినవాణ్ణి వెతకడానికి అందరి ఛాతీలకీ కట్టిన చిన్న పెట్టెలు ఒకదానికొకటి పిలుచుకుంటాయి. తిలెక్ తన పెట్టె చూపిన వైపు వెళ్ళి, పొడవాటి కడ్డీ మంచులోకి దించాడు. మూడోసారికి మెత్తగా తగిలింది. తవ్వడం మొదలుపెట్టాడు. పక్కన ఇంకో పార పడుతోంది. చూస్తే జుమాదిల్. అంత పైనుంచి ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. టోపీ లేదు. ఏమీ మాట్లాడకుండా, గనిలో తవ్వినట్టు తవ్వుతున్నాడు. ఏడో నిమిషంలో ముఖం బయటపడింది, నీలంగా. జుమాదిల్ వేలు పెట్టి నోట్లో మంచు తీసేశాడు. దాంతోపాటు ముందరి పన్ను సగం వచ్చింది. బోహుమిల్ దగ్గాడు.

సాయంత్రం మా ఊరి అతిథిగృహంలో భోజనాల బల్ల దగ్గర బోహుమిల్ దుప్పటి కప్పుకుని సూప్ తాగుతున్నాడు. విరిగిన పన్ను ముక్క పళ్ళెం పక్కన పెట్టుకుని, వృత్తిధర్మంగా తిప్పితిప్పి చూస్తున్నాడు. బాత్మా నూనెలో వేయించిన పిండిముద్దలు, బోర్సోక్‌లు, గుట్టగా పోసింది. ఎవరూ ముట్టుకోలేదు. జుమాదిల్ లేచి నిలబడ్డాడు.

"కొండ చెప్పింది, నేను విన్నాను," అన్నాడు. "విని కూడా పరవాలేదనుకున్నాను. తప్పు నాదే."

తిలెక్ అది అతిథులకి అనువదించాడు. అనువదిస్తున్నంతసేపూ బల్లనే చూశాడు. అతిథులు మాత్రం కదిలిపోయారు. ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకునే గైడుని తామెక్కడా చూడలేదని ఒకావిడ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇరవయ్యేళ్ళలో ఆయన చెప్పిన మొదటి పెద్ద అబద్ధానికి దక్కినంత గౌరవం అంతకుముందు చెప్పిన నిజాలకి దక్కలేదు.

తరవాత జుమాదిల్ గుర్రాలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళినప్పుడు తిలెక్ వెంట వెళ్ళాడు. ఎడమపక్కన నిలబడ్డాడు.

"తాయకే, కొండ ఎన్నిసార్లు నిట్టూర్చింది?"

జుమాదిల్ గడ్డి విదిలించాడు. "ఒకసారి."

"మూడుసార్లు."

"గోధుమగుర్రానికి తక్కువేశావు చూడు. ఇంకో కట్ట పట్రా."

తిలెక్ కట్ట తెచ్చాడు. "నేను అరవాల్సింది," అన్నాడు. "నోరు రాలేదు. టీ అన్నాను. రెండుసార్లన్నాను. ఆ పళ్ళ డాక్టరు చచ్చిపోయుంటే నా టీ వల్ల చచ్చిపోయేవాడు."

జుమాదిల్ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"టీయా?" అన్నాడు. "ఎప్పుడు?"

గుర్రాలు నములుతున్నాయి. ఆ చప్పుడు మాత్రం ఇద్దరికీ వినబడుతోందని తిలెక్ అనుకున్నాడు. నిజంగా వినబడుతోందో లేదో అతనికి తెలియదు.

ఇంట్లో బాత్మా తలుపు వేసి మొదలుపెట్టింది.

"పదేళ్ళుగా నీకు ఎడమపక్కనే కూర్చుని తింటున్నా. ఎందుకనుకున్నావ్? అటుపక్క పొయ్యి ఉందనా?"

"నిన్నెవరు కూర్చోమన్నారు?"

"కిందటి శీతాకాలం నుంచి అక్కడ కూర్చున్నా లాభం లేదు. ఉప్పు ఇమ్మంటే కత్తి ఇస్తున్నావ్. నేనూ పుచ్చుకుంటున్నా. ఇంట్లో కత్తులన్నీ నా దగ్గరే ఉన్నాయి."

"సోమవారం స్విట్జర్లాండువాళ్ళు వస్తున్నారు," అన్నాడు జుమాదిల్. "ఆరుగురు. నేనే తీసుకెళ్తా."

"తీసుకెళ్ళు. తీసుకొచ్చేదెవరు?"

ఆయన బూట్లు విప్పుకోవడంలో పడ్డాడు. వినబడలేదేమో అనుకునే వీలు ఆయన ఎప్పుడూ ఉంచుకునేవాడు. బాత్మా ఈసారి ఆ వీలు ఇవ్వకుండా ముందుకొచ్చి, ముఖం ముందు ముఖం పెట్టి మళ్ళీ అంది. ఆయన తల తిప్పుకున్నాడు.

శుక్రవారం, శనివారం ఊరంతా ఏదో జరగాలని ఎదురుచూసింది. ఏం జరగాలో అందరికీ తెలుసు, ఎవరు చెయ్యాలో తెలియదు. కాగితం ప్రకారం తిలెక్ జట్టు జాబితాలో మామ పేరు కొట్టేస్తే సరిపోతుంది. శనివారం అతను కలం పట్టుకుని మా అతిథిగృహం వసారాలో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తేదీ సరిదిద్ది లేచిపోయాడు. తల్లి చెప్పి చూస్తుందేమోనని అడిగాడు. "మా అన్నకి నేను చెప్పడమా? నీకు మతుందా?" అని ఆమె అతనికే కేకలేసింది. ఊరి పెద్దల్ని అడిగాడు. వాళ్ళు గడ్డాలు నిమురుకుని, ఈ ఏడు మంచు బాగా పడిందన్నారు.

ఆదివారం మధ్యాహ్నం తిలెక్ పండగబట్టలు కట్టుకుని, తలకి తెల్ల కల్పాక్ టోపీ పెట్టుకుని మామ ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర బాత్మా ఇచ్చిన రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు. లోపల జుమాదిల్ బూట్లకి కొవ్వు రాస్తున్నాడు. ఆయన స్కీలు ఎప్పట్లాగే గోడకి, రెండు మేకుల మీద ఉన్నాయి. తిలెక్ గోడ దగ్గరికి నడిచాడు. స్కీలు దించి భుజాన పెట్టుకున్నాడు. మామ ఎదురుగా, పెదాలు కనబడేలా నిలబడ్డాడు.

"తాయకే," అన్నాడు. "మేనల్లుణ్ణి. నాకివి నచ్చాయి. తీసుకెళ్తున్నా."

జుమాదిల్ చేతిలో బూటు కింద పెట్టాడు. ఇప్పుడు ఆయన నవ్వాలి. గడియారం పోయినప్పుడు నవ్వాడు, గుర్రప్పిల్ల పోయినప్పుడు నవ్వాడు. బాత్మా పొయ్యివైపు తిరిగిపోయింది.

నవ్వు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది కూడా నవ్వులా లేదు, బొంగురుగా, దగ్గులా ఉంది.

"పట్టుకుపో," అన్నాడు జుమాదిల్. మా దీవెన ఆచారం ప్రకారం రెండు అరచేతులూ ఎత్తి ముఖం మీదుగా తుడుచుకున్నాడు. "నీ కాళ్ళకి కలిసిరావాలి."

ఆ వార్త గంటలో ఊరు దాటింది. ఇన్ని తరాలుగా మేనల్లుళ్ళు గుర్రాలూ గొర్రెలూ తోలుకుపోయిన ఆ హక్కు ఎందుకు పుట్టిందో ఇప్పటికి తెలిసిందని మా భూగోళం మాస్టారు అన్నాడు. పూర్వం మమ్మల్నేలిన ఖానులు వయసు మళ్ళాక ఇలాగే కత్తులు దించేవారని కూడా అన్నాడు. దానికి ఆధారం ఆయన దగ్గర లేదు. సాయంత్రం లోపల ముప్పైమంది దాకా జుమాదిల్ ఇంటికి వచ్చి, టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, ఖాళీ మేకులకేసి చూడకుండా వెళ్ళారు. ఇరవయ్యేళ్ళ పేరు ఇంత మర్యాదగా ముగియడం ఇంకే ఊళ్ళోనూ జరగదని అందరం ఒప్పుకున్నాం. గొర్రెల డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి స్విట్జర్లాండువాళ్ళు ముంగిట్లో వరసగా నిలబడ్డారు. తిలెక్ ఒక్కొక్కరి ఛాతీ పెట్టె పరీక్షిస్తూ చివరికి వచ్చేసరికి, చివర ఏడో మనిషి ఉన్నాడు.

"తాయకే!"

"వెనకుంటా," అన్నాడు జుమాదిల్. "నువ్వు ముందు నడు. ఆగాలనుకుంటే చెయ్యెత్తు. నా కళ్ళకేం, బాగానే ఉన్నాయి."

తిలెక్ ఆయన్ని చూశాడు. టీ గురించి ఏమీ అనలేదు.

"చెయ్యెత్తితే ఆగాలి. నాతో వాదించకూడదు. అందరి ముందూ ఆగమంటాను."

"అరువు. గట్టిగా అరువు. ఎలాగూ చెయ్యే చూస్తాను."

ఇద్దరూ అంతకుమించి ఏం ఒప్పందం చేసుకోలేదు. జట్టు కదిలింది. అందరికన్నా ముందు తిలెక్ నడిచాడు. అందరికన్నా వెనక జుమాదిల్ నడిచాడు, మా అతిథిగృహం కొట్టుగదిలోంచి తీసుకున్న అద్దె స్కీల మీద. అవి ఆయన ఎత్తుకి నాలుగు వేళ్ళు పొట్టి.